ఆడవాళ్ల పేజీ, పండుగల పేజీ: ఇందులో కెరీర్ ఉంటదా?

గునుగు పువ్వు (హన్మకొండ)
ఉగాది తెల్లారి, రాత్రి 11:40

అందరికీ నమస్తే. జర్నలిజం పీజీ అయిపోయి రెండేండ్లు. ఏడాది నుంచి ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌ల సబ్ ఎడిటర్‌గ చేస్తున్న. మండలాల నుంచి వచ్చే కాపీలు (రిపోర్టర్లు రాసిన వార్తలు) దిద్దుడు, హెడ్డింగులు పెట్టుడు, పేజీ పోయేదాక కూసునుడు. మొన్న ఇంచార్జి పిలిచి "ఫీచర్స్‌ల జాగా ఉన్నది. మహిళలు, సంస్కృతి చూస్కోవాలె. పోతవా?" అన్నడు. జీతం అదే. నైట్ డ్యూటీ ఉండది. బయట తిరగొచ్చు.

నాకు ఆశగనే ఉన్నది. కానీ మా సీనియర్ ఒకాయన "అది ముగ్గులు, మొటిమల పేజీ. పదేండ్లు రాసినా నీ పేరు ఎవలకు యాదుండది. క్రైమో పొలిటికలో పట్టుకో" అంటున్నడు. అమ్మకేమో నైట్ డ్యూటీ లేదంటే చాలు, ఇంకేం వినది.

ఈ బీట్ (ఒక రకం వార్తలే చూస్కునే పని) మీద బతికినోళ్లు ఎవలన్న ఉన్నరా? ఎట్ల మొదలువెట్టిండ్రు, ఎక్కడ దెబ్బతిన్నరు? ఉత్తగ ఆల్ ది బెస్ట్ అని పోకుండ్రి.

కాజీపేట జంక్షన్
రాత్రి 11:52

ఆల్ ది బెస్ట్.
(సారీ, చెయ్యి ఆగలే.)

పాత డెస్కు (కరీంనగర్)
పొద్దున 6:15

26 ఏండ్లు డెస్కుల చేసి రిటైరైన బిడ్డా. మీ సీనియర్ చెప్పింది సగం నిజం. ఆ సగాన్ని చెడగొట్టింది మా తరమే కాబట్టి నేనే చెప్త.

మా కాలంల ఆడవాళ్లు పేపర్ల రెండు చోట్ల కనవడేది. క్రైమ్ పేజీల, పాణం పోయినంక. పండుగ పేజీల, పట్టుచీర కట్టినంక. నడిమిట్ల ఉన్న మూడొందల అరవై దినాలు ఏ పేజీకి పట్టలే. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వద్దని లొల్లి లేచి, ఊర్ల ఆడవాళ్లు పోయి వేలంపాటలు ఆపుతుంటే అది మొదటి పేజీకి ఎక్కక తప్పలే. తర్వాత తర్వాత ఈనాడుకు వసుంధర, జ్యోతికి నవ్య, సాక్షికి ఫ్యామిలీ, నమస్తే తెలంగాణకు జిందగీ అని జాగా అయితే వచ్చింది. జాగా వచ్చుడు వేరు, దాంట్ల ఏం పడుతున్నదో వేరు.

నా సంగతే చెప్త. వేములవాడల శ్రీరామనవమికి శివసత్తులు (శివునికి ఇచ్చిన ఆడవాళ్లు), హిజ్రాలు ఎక్కడెక్కడి నుంచో వస్తరు. సీతారాముల లగ్గం టైముకు త్రిశూలాలు పట్టుకొని నెత్తిమీద తలంబ్రాలు పోసుకుంటరు, శివునితోని తమ పెండ్లయినట్టు. ఆ ఫొటో కింద మా లైన్: "రాజన్న సన్నిధిలో హిజ్రాల సందడి, శివసత్తుల పూనకాలు". పదకొండేండ్లు నేనే రాసిన. ఏడు మారేది, లైన్ మారకపోయేది. యాడికెల్లి వచ్చిండ్రు, రాత్రి యాడ పన్నరు, ఇంటికాడ ఎవలున్నరు, ఒక్కసారన్న అడిగి రమ్మని రిపోర్టర్‌కు చెప్పలే.

నిజాం జమానాల 1329 ఫసలీ (అంటే 1919) చట్టం ఒకటి ఉండె. హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టర్ల రాసుకోవచ్చు. ఆడ బట్టలు కట్టుకొని రోడ్డు మీద కనవడినా, పాట పాడినా వారంటు లేకుంట పట్కపోవచ్చు. 2023 జులైల మన హైకోర్టు కొట్టేసింది. మరుసటి నవమికి పేపర్ తెరిచి చూస్తి. సందడి, పూనకాలు. నేను రిటైరైనా నా లైన్ ఇంక డ్యూటీ చేస్తనే ఉన్నది.

బీట్ తీస్కో. కానీ ఫీచర్స్ గదిల కూసోకు. క్రైమ్ రిపోర్టర్ పక్క కుర్చీ అడుగు.

ఏనుమాముల గుమాస్తా
పొద్దున 9:05

నాదొక డౌట్. తప్పుగ అనుకోవద్దు. ఆడవాళ్ల వార్త అని వేరే ఎందుకు? వార్త వార్తే కదా. మా యార్డుల మిర్చి ధర పడితే మొగోళ్లు ఆడోళ్లు అందరు ఏడుస్తరు. మహిళా పేజీ పెడితే మొగోళ్లు చదవరు, ఆడోళ్లకు టైం ఉండది. ఎవలికోసం రాస్తరు?

పాత డెస్కు
పొద్దున 9:30

గుమాస్తా, మీ యార్డుల మిర్చి ఏరి తొడిమలు తీసేది ఎవలు?

ఏనుమాముల గుమాస్తా
పొద్దున 9:41

ఆడకూలీలే.

పాత డెస్కు
పొద్దున 9:42

బస్తాలు మోసే హమాలీల రేటు పెంచాలని సమ్మె అయితే పేపర్ల వస్తది. ఏరేటోళ్ల రేటు ఎంతో ఎప్పుడన్న చదివినవా?

ఏనుమాముల గుమాస్తా
పొద్దున 10:20

లే. నేను లెక్క రాస్త కాబట్టి నాకు ఎరుక. పేపర్లయితే చూడలే. వాళ్లు పొద్దుమూకంగ నల్లా కాడ చేతులు ఎంత కడిగినా మంట పోదు. ఇంటికి పోయి పసిపిల్లను ఎత్తుకోవాలంటే కొంగుతోని పట్టుకుంటరు. ఒకామె చెప్పింది. సరే, నా డౌట్ వాపస్ తీసుకుంటున్న. సగం.

తునికాకు (జగిత్యాల దిక్కు)
మధ్యాహ్నం 2:10

చెల్లె, నేను తొమ్మిదేండ్లు మండల కంట్రిబ్యూటర్‌ను. నీకు జీతం వస్తున్నది, అది ముందు కండ్లకద్దుకో. మాది లైన్ అకౌంట్. వార్త ఎంత పొడుగు పడితే అంత. పైన యాడ్స్ టార్గెట్: జనవరి 26, జూన్ 2, ఆగస్టు 15, దసర. మోరీ తీస్తలేడని సర్పంచ్ మీద రాసి, అదే సర్పంచ్ ఇంటికి శుభాకాంక్షల యాడ్ కోసం పోవాలె. చాయ్ పోసి మరీ నవ్వుతడు.

బీట్ ఎట్ల దొరికింది అంటవా? మా ఇంట్లనే దొరికింది. అమ్మ బీడీలు చేసేది. ఒడిల చాట, చాటల ఆకు, జర్దా, పక్కకు కత్తెర, దారం. మాట్లాడుకుంట, కొట్లాడుకుంట, టీవీ చూసుకుంట కూడ చెయ్యి ఆగకపోయేది. కార్ఖానకు తీస్కపోతే కమీషన్‌దారు ఇన్ని కట్టలు బాగలేవని తీసి పక్కకు పెడతడు. వాటికి పైసలియ్యడు, బీడీలు కూడ వాపస్ ఇయ్యడు. ఆకు తక్కువ పడితే మనమే బయట కొనుక్కోవాలె.

మా దిక్కు పిల్లను చూడవచ్చినోళ్లు ఏమడిగేటోళ్లు ఎరుకేనా? దినానికి ఎన్ని చేస్తది, పీఎఫ్ ఉన్నదా అని. చూపులకు కూసుండబెట్టి చాట ముందల పెట్టిన ఇండ్లు నేను చూసిన. మొగడు దుబాయ్ పోతడు, ఈమె చాట పట్టుకొని అత్తగారింటికి పోతది.

ఇదంత రాసి పంపిన. డెస్కుకెల్లి ఫోన్: "అక్కా, ఇది ఏ పేజీకి పోతది? కార్మికులా, మహిళలా, పెండ్లిళ్లా?" నాకేం తెలుసు. ఒక్కతే మనిషి, మూడు పేజీలల్ల ఎట్ల పంచుదు? ఆఖరికి "బీడీ కార్మికుల ఇబ్బందులు" అని ఆరు లైన్లు పడ్డది. ఆ ఆరు లైన్లు పట్టుకొని పదిమంది ఆడవాళ్లు మా ఇంటికి వచ్చిండ్రు, మాది కూడ రాయి అని. ఆ దినం నుంచి బీట్ నేను వెతకలే, అదే నా గడపకు వచ్చుడు షురువైంది.

పరకాల పంతులు
సాయంత్రం 5:30

నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. అమ్మాయికి నాలుగు మాటలు.

హైదరాబాద్ పోతేనే పత్రికా రచన అనే భ్రమ వద్దు. ఒద్దిరాజు సోదరులు 1922లో ఇనుగుర్తి అనే పల్లె నుంచి, అక్కడే అచ్చుయంత్రం పెట్టుకొని, నిజాం రాజ్యంలో తెనుగు పత్రిక నడిపారు. అదిప్పుడు మహబూబాబాద్ జిల్లా, మీకు బస్సులో పోయి వచ్చే దూరం.

రెండోది, ఆడవాళ్ల మాటను వాళ్ల మాటల్లోనే రాసుకోవడం. స్త్రీశక్తి సంఘటన వాళ్లు సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ ఊరూరా తిరిగి, టేపుల్లో మాట పట్టుకొని, 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చారు. పాలకుర్తి ఐలమ్మ గారు 1985 సెప్టెంబరులోనే పోయారు. వాళ్లు అంతకుముందే ఆమె దగ్గరికి వెళ్లి కూర్చున్నారు కాబట్టి ఆమె మాట దక్కింది. "తర్వాత కలుద్దాం లెండి" అని డైరీలో రాసుకొనేవాళ్లకు ఈ తేదీలు పనికొస్తాయి.

మూడోది. బతుకమ్మ మీద ఏటా తంగేడు, గునుగు, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా అని ఒకే వ్యాసం వస్తుంది. వేయిస్తంభాల గుడి ఫొటో, ముందు వరసలో నాయకుల ఇంటి ఆడవాళ్లు. వేములవాడలో సద్దులు ఏడో రోజే ఆడతారు, చుట్టుపక్కల ఊళ్లలో తొమ్మిదో రోజు. ఎందుకని అడిగితే, పెళ్లయిన ఆడపిల్ల అత్తగారింట ఒకరోజు, తల్లిగారింట ఒకరోజు ఆడుకోవాలని పెట్టుకున్నాం అంటారు అక్కడి పెద్దవాళ్లు. పండుగ తేదీనే ఆడపిల్ల ప్రయాణాన్ని బట్టి జరుపుకొన్న ఊరు అది. దీన్ని సంస్కృతి అంటారో మహిళా సమస్య అంటారో మీ డెస్కు తేల్చుకోవాలి.

ఒగ్గు కథలో ఆడవేషం మగవాళ్లే కడతారు. చిందు భాగవతంలో ఆడవాళ్లూ గజ్జె కడతారు. నిజామాబాద్ వైపు చిందు ఎల్లమ్మ గారి పేరు అలాగే నిలిచింది. ఇలాంటివి తెలుసుకోవాలంటే వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. పోయి కూర్చోండి. (రుద్రమదేవి మగవేషం గురించి మాత్రం దయచేసి ఇంకో వ్యాసం రాయకండి. ఆమె గురించి రాయాలంటే 1289 నాటి చందుపట్ల శాసనం చదివి రాయండి.)

గునుగు పువ్వు
రాత్రి 10:50

పంతులు సార్, రుద్రమ మీద సగం రాసి పెట్టుకున్న. డిలీట్ చేస్తున్న.

ఇయ్యాల మా క్రైమ్ రిపోర్టర్ పక్కన కుర్చీ వేసుకున్న. వాట్సాప్ గ్రూపుల పోలీసుల ప్రెస్ నోట్ వచ్చింది, పది నిమిషాలల్ల నాలుగు పేపర్ల కాపీ అదే. ఒక్క కామా తేడా లేదు.

పేరు వద్దు
అర్ధరాత్రి 12:35

నేను జర్నలిస్టును కాదు. ఇది చదువుతుంటే నిద్రపట్టక రాస్తున్న.

మా అక్క 2011ల పోయింది. పేపర్ల నాలుగు లైన్లు: "కుటుంబ కలహాలతో మనస్తాపానికి గురై". ఆ ముక్క అమ్మ కత్తిరించి బీరువాల పెట్టుకున్నది, అక్క పేరు అచ్చయింది అదొక్కటే. ఆ మాట విలేకరికి ఎస్సై చెప్పిండు. ఎస్సైకి బావ చెప్పిండు. మా ఇంటికి ఎవ్వలు రాలే. వస్తే, ఆ నెలల అక్క మూడుసార్లు తల్లిగారింటికి ఎందుకొచ్చిందో అమ్మ చెప్పేది.

మా వాడల బతుకమ్మ పాటలు అక్కనే ఎత్తుకునేది. ఆమె ఒక పాట మొదలువెడితే పక్క వాడ వాళ్లు తమది ఆపి వచ్చేది. ఇప్పుడు డీజే పెడతరు. అక్కకు వచ్చిన పాటలు ఎన్ని ఉండెనో మాకు లెక్కలేదు, ఎవ్వలం రాసుకోలే.

పాత డెస్కు
పొద్దున 5:50

తమ్మీ, ఆ లైన్ నేను ఎన్నిసార్లు పాస్ చేసిన్నో చెప్పలేను. నీ ఊరు నాకు తెల్వది. నేనే కావచ్చు.

బిడ్డా గునుగు, ఒక నోట్‌బుక్ పెట్టు. మన అచ్చుల పడే మాటలు దాంట్ల రాసుకో. మనస్తాపం: ఎవలు తాపం పెట్టిండ్రో చెప్పకుంట తప్పించుకునే మాట. ప్రేమ వ్యవహారం: వెంబడి పడి వేధించినా ఇదే, ఇష్టపడి పోయినా ఇదే. వివాహేతర సంబంధం: సచ్చిపోయినామె వచ్చి కాదనలేదు కాబట్టి రాసేది. అబల, కామాంధుడు: సినిమా పోస్టర్ మాటలు. 2008 డిసెంబర్‌ల మన వరంగల్‌ల ఇంజనీరింగ్ చదివే ఇద్దరు ఆడపిల్లల మీద యాసిడ్ పోసినప్పుడు కూడ పేపర్లు ముందుగాల ఎత్తుకున్న మాట ప్రేమే. దాడి చేసినోని మాటను మనం వార్త భాష చేసినం. రెండు మూడు దినాలకే నిందితుల ఎన్‌కౌంటర్ అయింది, పోలీసులకు దండలు పడ్డయి, ఆ భాష అట్లనే ఉండిపోయింది.

తునికాకు
పొద్దున 8:20

దెబ్బ ఎక్కడ తిన్నరని అడిగినవ్ కదా చెల్లె. నేను తినలే, కొట్టిన.

చిన్నపిల్ల మీద జరిగిన కేసు. పేరు రాయలే. ఊరు రాయలే. మస్తు జాగ్రత్తగ రాసిన అనుకున్న. "తండ్రి ఫలానా చౌరస్తాల మిషన్ కుడతడు" అని ఒక్క ముక్క పడ్డది, కనికరం పుట్టాలని. ఆ చౌరస్తాల మిషన్ ఒక్కటే ఉన్నది.

పొద్దుగాల తొమ్మిదింటికల్ల ఆయన దుకాణం ముందల జనం. కుట్టుకోను కాదు, చూడను. వారం తర్వాత షట్టర్ మూసే ఉన్నది. యాడికి పోయిండ్రో నేను అడగలేదు, అడిగే మొఖం లేదు.

పోక్సోల (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 23 ఉన్నది. పేరు, అడ్రసు, ఫొటో, బడి, ఇంటోళ్లు, ఇరుగుపొరుగు, గుర్తుపట్టేది ఏదైనా రాయొద్దు. పెద్దోళ్ల అత్యాచారం కేసులల్ల కూడ అంతే. ముందు ఐపీసీ 228ఎ ఉండె, 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72. రెండేండ్ల దాక జైలు. చనిపోయినా పేరు రాయొద్దని సుప్రీంకోర్టు 2018ల చెప్పింది. అయినా మరుసటేడే శంషాబాద్ కేసుల మనమంతా ఏం చేసినమో యాదికున్నది కదా. పిల్ల పేరు, ఫొటో ఊరూర ఫ్లెక్సీలెక్కినంక పోలీసులు దిశ అన్నరు.

చట్టం కన్న చిన్న ఉపాయం చెప్త. కాపీ అయినంక, ఆ ఊరోళ్లు ఇది చదివితే ఎవలనుకుంటరు అని ఒక్కసారి చదువు. హైదరాబాదోడు గుర్తువట్టకపోవుడు పెద్ద విషయం కాదు.

థంబ్‌నెయిల్ బాధితుడు (మంచిర్యాల)
పొద్దున 11:00

యూట్యూబ్ ఛానెల్‌ల చేస్తున్న. మేడారంల 2024 జాతరప్పుడు జంపన్నవాగు కాడ ఆడవాళ్లు తానాలు చేసినంక బట్టలు మార్చుకునే కష్టం మీద స్టోరీ చేసిన. ఒక్క మొఖం చూపెట్టకుంట, ఒట్టి మాటలు, చీరెలు అడ్డం పట్టుకున్న చేతులు. ఫ్రీ బస్సు వచ్చిన మొదటి జాతర, ఆడవాళ్లు ఒక్కొక్కలే ధైర్యం చేసి వచ్చిండ్రు, అది కూడ పెట్టిన. మంచిగ వచ్చింది.

థంబ్‌నెయిల్ వేరేటోడు చేస్తడు. ఏం పెట్టిండో ఈడ రాయను. వ్యూస్ లక్షలల్ల వచ్చినయి. స్టోరీ కింద నా పేరు ఉన్నది, మా చెల్లె చూసి మూడు దినాలు మాట్లాడలే. అక్కా, డిజిటల్‌కు వస్తే థంబ్‌నెయిల్, హెడ్డింగ్ నాకు చూపెట్టకుంట పెట్టొద్దని ముందే మాట తీస్కో. నోటి మాట కాదు, మెయిల్‌ల.

తునికాకు
పొద్దున 11:25

ఇంకోటి మర్చిపోయిన. ఆఫీసుల గానీ, ఫీల్డుల గానీ ఎవడన్న పిచ్చి వేషాలేస్తే "నేను రోల్స్ మీద లేను, నాకు వర్తించది" అనుకోకు. నేను మూడేండ్లు అట్లనే అనుకున్న. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంల కాంట్రాక్టోళ్లు, జీతం లేకుంట చేసేటోళ్లు కూడ ఉద్యోగులే. పని మీద పోయిన జాగా, ఎక్కిన ఆఫీసు బండి కూడ పనిచేసే చోటే. పది మంది ఉంటే ఆఫీసుల కమిటీ ఉండాలె. లేకుంటే జిల్లాల లోకల్ కమిటీ ఉంటది. మూడు నెలలల్ల రాసియ్యాలె, ఆలస్యానికి కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. తేదీలు రాసి పెట్టుకో, మెసేజ్‌లు డిలీట్ చెయ్యకు.

కాజీపేట జంక్షన్
పొద్దున 11:31

ఇంతకు చెల్లె పోతున్నదా, పోతలేదా?

గునుగు పువ్వు
శ్రీరామనవమి, రాత్రి 11:15

పోయిన. బీట్‌కు కాదు, ముందు వేములవాడకు. ఇంచార్జికి "ఒక్క స్టోరీ చేసి చెప్త" అన్న. పొద్దున హన్మకొండల ఆరు గంటల బస్సు. ఆధార్ చూపెట్టి జీరో టికెట్.

బస్సుల నా పక్కన కూసున్నామె శివసత్తి. త్రిశూలం పాత చీరెల చుట్టి, ఇంటికి తీస్కపోయే కొత్త చీపురు లెక్క కాళ్ల సందుల పెట్టుకున్నది. నన్ను చూసి జరిగి జాగా ఇచ్చింది. గుడి కాడ ఇంటర్వ్యూ చేద్దామనుకున్న, మొత్తం బస్సులనే అయిపోయింది. రాత్రి ఇంత రాసిన, చూడుండ్రి:

"మండుటెండలో, శివనామస్మరణ మారుమోగుతుండగా, వేలాదిగా తరలివచ్చిన శివసత్తులతో రాజన్న క్షేత్రం పులకించింది."

పాత డెస్కు
రాత్రి 11:22

26 ఏండ్లు ఈ మారుమోగుడుతోనే నా చెవులు పోయినయి. బస్సుల ఏం మాట్లాడింది అది రాయి.

గునుగు పువ్వు
అర్ధరాత్రి 12:40

"ఆమె పొద్దున నాలుగింటికి లేచి, ఇద్దరు మనుమలకు అన్నం వండి పెట్టి, బస్సెక్కింది. చీరలో చుట్టిన త్రిశూలం కాళ్ల మధ్య నిలబెట్టుకుంది. పాపం, ఆమెకు పదకొండో ఏట గుడిలో పెళ్లయింది, వరుడు రాలేదు. బడికి పోయిందా అని అడిగితే నవ్వింది. ఆమెను దేవుడికి ఇచ్చిన కొన్నేళ్లకు, 1988లో, అలా ఇవ్వడం నేరమని చట్టం వచ్చిందని చెబితే ఇంకా నవ్వింది. ఏటా నవమికి వస్తుంది. అందరూ చూసే పెళ్లి ఇదొక్కటే కాబట్టి మంచి చీర దీనికే దాచుకుంటుంది. సాయంత్రం ఆరున్నర బస్సుకు తిరిగి పోవాలి, మనుమలు ఎదురుచూస్తుంటారు."

పేరు, ఊరు రాయలే. చీరె రంగు కూడ తీసేసిన, వాళ్లూరోళ్లు గుర్తువడతరని.

తునికాకు
అర్ధరాత్రి 12:48

బస్సు టైం కూడ తీసెయ్ చెల్లె. ఆ రూటుల ఆ టైముకు ఒక్కటే బస్సు ఉంటే మళ్ల నా మిషన్ కథే.

పాత డెస్కు
అర్ధరాత్రి 12:55

మూడో వాక్యంల "పాపం" తీసెయ్. మిగిలింది పంపు.

గునుగు పువ్వు
అర్ధరాత్రి 1:03

రెండు తీసేసిన. పంపిన.

కాజీపేట జంక్షన్
అర్ధరాత్రి 1:04

ఎప్పుడొస్తది?

గునుగు పువ్వు
అర్ధరాత్రి 1:06

ఆదివారం. యాడ్ రాకుంటే.